సొంత రేసు కారు, 3వ పాఠం: కట్టుకోవాలా, కొనుక్కోవాలా?

ఏ క్లాసులో (రేసుల్లో కార్లను విడదీసే వర్గం) దిగుతారో తేల్చుకుని, ఆ క్లాసు రూల్సు రెండుసార్లు చదవమని పోయిన పాఠంలో చెప్పాను. చదవకపోతే ముందు చదివి రండి, ఈ రోజు చెప్పేదంతా వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

నా అభిప్రాయం ఇదీ: మొదటి కారు కొనుక్కోండి, రెండోది కట్టుకోండి.

నేను తిరగేసి చేశాను. కడపలో పాత మారుతి ఎస్టీమ్ కారు ఒకటి చవగ్గా దొరికితే సీట్లూ కార్పెట్లూ పీకేసి, మా వీధి చివర గేట్లు చేసే వెల్డర్ అన్నతో రోల్ కేజ్ (కారు పల్టీ కొడితే డ్రైవరును కాపాడే పైపుల చట్రం) కట్టించాను. అన్న పనికి వంక పెట్టలేం, కానీ నేను తెచ్చిచ్చిన పైపు తప్పు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాకులో తనిఖీ చేసే ఆయన కేజ్ మీద రంగు కాస్త గీకి టార్చి వేస్తే పైపు పొడుగునా సన్నటి అతుకు కనబడింది. రేకును చుట్టి అతికించిన పైపు అది. కారు పల్టీ కొడితే సరిగ్గా అక్కడే చీలే ప్రమాదం ఉంది. ఆ రోజు కారు ట్రాకు ఎక్కలేదు, అలా ఆపినందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అందుకే పైపు కొనేటప్పుడు చివర్లో వేలు పెట్టి లోపలంతా తడమండి, గీత తగిలితే వదిలేయండి. కానీ గీత తగలనంత మాత్రాన సరిపోయినట్టు కాదు, సర్టిఫికెట్ కూడా అడగండి. ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంఘం) కొలతల్లో అయితే అతుకు లేని కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా లాగి తీసిన) స్టీలు పైపే ఉండాలి. డ్రైవరు వెనకుండే పెద్ద వంపుకు కనీసం 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం (లేదా 50 వ్యాసం, 2.0 మందం). కేజ్ కాళ్ల కింద బాడీకి వేసే ప్లేటు 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యానికి తగ్గకూడదు.

కట్టడం మొదలుపెడితే ఇలాంటివి ప్రతి మూలలోనూ ఉంటాయి, రేసంటే ఏంటో తెలియకుండానే ఏడాది షెడ్డులో గడిచిపోతుంది.

కొనేవాళ్లు ఇంజిన్ శబ్దానికి పడిపోకండి. ముందు సీటు లేబుల్ చూడండి. దాని మీద 8855-1999 అనే ఎఫ్ఐఏ ప్రమాణం నంబరు ఉంటే, ఆ సీటుకు తయారైన తేదీ నుంచి 5 ఏళ్లే గడువు. బెల్టుల మీదా గడువు ఉంటుంది. అది దాటితే కొత్తవాటి ఖర్చు ధరలోంచి తగ్గించమని గట్టిగా అడగండి.

ఇంకో ఖర్చు ఎవరూ లెక్కలో వేసుకోరు. ఇలా మార్చేసిన కారును రోడ్డు మీద నడపకూడదు, కాబట్టి కడప నుంచి ఆ ట్రాకుకు రాజంపేట, రేణిగుంట మీదుగా సుమారు 250 కిలోమీటర్లు మినీ లారీలో ఎక్కించే తీసుకెళ్లాలి. ప్రతి రేసుకీ రానూపోనూ బాడుగ. కట్టినా కొన్నా ఇది తప్పదు.

ఈ వారం పని: అమ్మకానికున్న ఒక కారు దగ్గరికి టార్చి తీసుకుని వెళ్లండి, కేజ్ కాళ్ల దగ్గర వెల్డింగులన్నీ ఫోటో తీసుకోండి. ఆ ఫోటోలతోనే 4వ పాఠంలో పగుళ్లు పట్టుకోవడం నేర్చుకుందాం.