మాట ఒకటి, సిరా మరొకటి: ఇంట్లోనే స్ట్రూప్ పరీక్ష చేసే విధానం

నీలం సిరాతో రాసిన ‘ఎరుపు’ అనే మాటను చూపించి, దాన్ని చదవకుండా సిరా రంగు మాత్రమే చెప్పమంటే ఎవరైనా ఒక్క క్షణం తడబడతారు. ఈ తడబాటును అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగాల్లో కొలిచి చూపాడు. నలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ పెన్నులు, రెండు తెల్ల కాగితాలు, ఫోనులోని స్టాప్‌వాచ్ ఉంటే మీరూ కొలవవచ్చు.

మొదటి కాగితం మీద 40 చిన్న గళ్లు గీసి, వాటిని నాలుగు రంగులతో కలగలుపుగా నింపండి. రెండో కాగితం మీద అదే క్రమంలో, అవే సిరాలతో ఆ నాలుగు రంగుల పేర్లు రాయండి. అయితే ఏ పేరూ సొంత రంగులో ఉండకూడదు. ఒకే సిరా వెంటవెంటనే రెండుసార్లు రానివ్వకండి. ఇప్పుడు పట్టించుకోకుండా వదిలేసిన మాటే ఆ వెంటనే సిరా రంగుగా ఎదురైతే జవాబు ఇంకా ఆలస్యమవుతుంది కనుక, అటువంటి జంటలను కూడా తప్పించడం మేలు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారికి ఈ పరీక్ష పనికిరాదు.

రెండు కాగితాల మీదా రంగులు పైకి చెప్పించి సమయం రాసుకోండి. తప్పు చెబితే సరిదిద్దుకున్నాకే ముందుకు సాగాలి. కళ్లు చికిలించి అక్షరాలను మసకబార్చుకొనే గడుసువాళ్లు ఉంటారు, వారిని గమనిస్తూ ఉండాలి. రంగు పేరు చెప్పడానికే కొంత సమయం పడుతుంది గనుక, రెండో కాగితానికి పట్టిన మొత్తం సమయాన్ని కాక, రెండు సమయాల మధ్య తేడానే లెక్కలోకి తీసుకోవాలి. సగం మందికి కాగితాల క్రమం తిరగేస్తే సాధన వల్ల కలిగే లాభం ఒకవైపే చేరదు.

స్ట్రూప్ ప్రయోగంలో 100 గళ్ల రంగులు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పడితే, 100 మాటల సిరా రంగులు చెప్పడానికి 110.3 సెకన్లు పట్టింది. అదే సిరాను పట్టించుకోకుండా మాటలు చదవమన్నప్పుడు, నల్ల సిరా మాటలతో పోలిస్తే అదనంగా పట్టింది సుమారు 2.3 సెకన్లే. ఏళ్ల తరబడి చదివిన అలవాటు వల్ల మాట అడగకుండానే నోటిదాకా వస్తుంది, రంగు పేరును మాత్రం వెతుక్కోవాలి.

ఈ పోటీ జరిగేటప్పుడు మెదడు ముందుభాగంలో, రెండు అర్ధగోళాల నడుమ ఉండే ఆంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ చురుకుగా పనిచేస్తుంది. అది వైరుధ్యాన్ని పసిగట్టి, మన ధ్యాసను, చేతలను అదుపుచేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ను అప్రమత్తం చేస్తుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం, దీనిపై వాదోపవాదాలు ఉన్నప్పటికీ. ఒక వైరుధ్యం ఎదురైన వెంటనే వచ్చే మరో వైరుధ్యం దగ్గర తడబాటు కొంత తగ్గడం ఆ అభిప్రాయానికి బలమిస్తుంది. సొంత రంగులో ఉన్న మాటలు ఎక్కువగా కలిపితే ఇందుకు విరుద్ధంగా, అరుదుగా వచ్చే వైరుధ్యం దగ్గర తడబాటు పెరుగుతుంది; అందుకే వాటిని పూర్తిగా మానేయమన్నాను.

రెండు భాషలు చదవగలవారు ఇంగ్లీషు లిపిలో మరో కాగితం తయారుచేసుకోవచ్చు. సాధారణంగా ఏ భాషను ఎక్కువ ధారాళంగా చదువుతారో అందులోనే తడబాటు ఎక్కువ. అయితే తెలుగు మాటలకు తెలుగులోనూ, ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనూ జవాబు చెప్పించి, గళ్ల కాగితాన్ని కూడా రెండు భాషల్లో విడివిడిగా చెప్పిస్తేనే ఆ పోలిక చెల్లుతుంది.