మొక్కకు అందే ఎండను కొలిచి లెక్కగట్టడం ఎలా?

కడియం నర్సరీలో షేడ్‌నెట్ (ఎండను తగ్గించే వల) కింద పెరిగిన అగ్లోనిమా అనే ఆకుల మొక్కను తెచ్చి డాబా మీద ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. వెలుగు మార్పుకు కన్ను ఇట్టే అలవాటు పడుతుంది కాబట్టి, ఎంత ఎండ తగులుతోందో చూపుతో అంచనా వేయడం కన్నా వెలుగును కొలిచే లక్స్ మీటరుతో కొలవడమే మేలు. ఫోన్ యాప్ నీడపట్టున పనికొస్తుంది గానీ, మిట్టమధ్యాహ్నపు ఎండలో కొన్ని ఫోన్ల అంకె ఒకచోట ఆగిపోతుంది.

మీటరును మొక్క తలల ఎత్తులో, సెన్సార్ ఆకాశాన్ని చూసేలా, మన నీడ పడకుండా పట్టుకోవాలి. ఆరుబయట ఒక్క చోట కొలిస్తే సరిపోతుంది. కోనసీమలో కొబ్బరి చెట్ల నడుమ వేసిన కోకోకు మాత్రం అది చాలదు. మట్టల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు కదులుతూ ఉండటం వల్ల అడుగు దూరంలోనే అంకె ఎన్నో రెట్లు మారుతుంది కనుక, కనీసం పది చోట్ల కొలిచి సగటు తీయాలి.

లక్స్ మన కంటికి కనిపించే వెలుగు కొలత. మొక్కకు కావలసింది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే కాంతి కణాల లెక్క. దీనిని చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని మైక్రోమోల్ అని చెబుతారు. ఎండ అయితే లక్స్‌ను 54తో భాగిస్తే చాలు: 1,08,000 లక్స్ అంటే 2,000 మైక్రోమోల్. ఎల్‌ఈడీ దీపాలకు ఈ 54 వర్తించదు. దీపం రంగును బట్టి భాజకం మారుతుంది. మీటరు ఫుట్‌క్యాండిల్‌లో చూపిస్తే ముందుగా 10.76తో గుణించి లక్స్‌లోకి మార్చుకోవాలి.

అసలు లెక్క రోజు మొత్తానిది. ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు రెండేసి గంటలకు తీసిన కొలతలు వరుసగా 12,000, 48,000, 80,000, 88,000, 62,000, 18,000 లక్స్ అనుకుందాం. మొత్తం 3,08,000ను 54తో భాగిస్తే సుమారు 5,704 వస్తుంది. ఒక్కో కొలత రెండు గంటలకు, అంటే 7,200 సెకన్లకు ప్రతినిధి కనుక దానితో గుణించి, పది లక్షల మైక్రోమోల్ ఒక మోల్ కాబట్టి పది లక్షలతో భాగిస్తే ఆ రోజుకు చదరపు మీటరుకు సుమారు 41 మోల్ అని తేలుతుంది. టమాటా, మిరప వంటివాటికి 20 నుంచి 30 మోల్ వరకు ఉంటే బాగా కాస్తాయి; అగ్లోనిమా వంటి ఆకుల మొక్కలకు 4 నుంచి 8 చాలు.

షేడ్‌నెట్ మీద 50 శాతం నీడ అని రాసి ఉన్నా దుమ్ము, పాతదనం వల్ల ఆ లెక్క మారుతుంది. అందుకని వెంటవెంటనే లోపలా బయటా కొలిచి, లోపలి అంకెను బయటి అంకెతో భాగించి, వచ్చిన నిష్పత్తితో 41ని గుణించాలి. శ్రావణ మాసపు ముసురులో మళ్లీ కొలవకుండా వేసవి లెక్కనే పట్టుకుని నెట్ ఎంచుకోకూడదు.