ఆర్థికవేత్త వ్యాఖ్యను చదవడం – 4వ పాఠం: సుంకం పడితే వడ్డీ రేటు సంగతేంటి?

పోయిన పాఠంలో వాస్తవ వడ్డీ రేటు (వడ్డీ రేటులోంచి ద్రవ్యోల్బణం తీసేస్తే మిగిలేది) లెక్క కట్టాం. ఈసారి టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) మీద ఆర్థికవేత్త ఎవరైనా రాసిన వ్యాఖ్యను ముందు పెట్టుకోండి. "సుంకాలతో ద్రవ్యోల్బణం పెరుగుతుంది" అని కనిపించిన చోట ఆగండి. పెరిగేది ధరల మట్టమా, ధరలు పెరిగే వేగమా? అసలు పేచీ అంతా అక్కడే.

కాగితం మీద వేసి చూడండి. ధరల సూచీ 100 దగ్గర కదలకుండా ఉందనుకుందాం. సుంకం పడింది. షాపుల్లో పాత స్టాకు ఉంటుంది కాబట్టి భారం మెల్లగా దిగుతుంది: మొదటి నెల 100.5, రెండో నెల 101, మూడో నెల 101.5, ఇక అక్కడే. ఇప్పుడు ప్రతి నెలనూ నిరుటి అదే నెలతో పోల్చండి. మూడో నెల నుంచి పన్నెండో నెల దాకా ద్రవ్యోల్బణం 1.5 శాతం. పదమూడో నెలలో సుమారు 1, పద్నాలుగులో 0.5, పదిహేనులో సున్నా. సూచీ మాత్రం 101.5 దగ్గరే ఉంది. ద్రవ్యోల్బణం తగ్గిందంటే సరుకులు చౌకయ్యాయని చాలామంది పొరబడేది ఇందుకే.

శాతాల దగ్గర కూడా జాగ్రత్త. సుంకం పడేది దిగుమతి విలువ మీద, షాపు ధర మీద కాదు. 400 డాలర్లకు దిగుమతై 800కి అమ్ముడయ్యే వస్తువు మీద 20 శాతం సుంకమంటే 80 డాలర్లు. అదంతా కొనేవాళ్ల మీద వేసినా షాపు ధర పెరిగేది 10 శాతమే. అయితే భారం పక్క సరుకు మీదికీ పోతుంది. 2018లో అమెరికా వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే, సుంకం లేని డ్రయ్యర్ల ధరలూ పెరిగాయి. రెండూ జతగా కొంటారు మరి.

ఇక 2025 జులై 30 నాటి ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు, ఫెడరల్ రిజర్వ్) సమావేశం చూడండి. కమిటీ వడ్డీ రేటును 4.25–4.50 శాతం దగ్గరే ఉంచింది. గవర్నర్లు క్రిస్టఫర్ వాలర్, మిషెల్ బౌమన్ పావు శాతం తగ్గించాలంటూ వ్యతిరేకంగా ఓటేశారు. సుంకాల దెబ్బ ఒక్కసారిదే, ఉద్యోగాల మార్కెట్ నీరసిస్తోంది అన్నది వాలర్ వాదన. అప్పటి ఛైర్మన్ జెరోమ్ పావెల్ కూడా అది ఒక్కసారిదే కావచ్చన్నారు. కానీ ద్రవ్యోల్బణం పాతుకుపోయే ప్రమాదం ఉందని రేటు తగ్గించకుండా ఆగారు. అంటే మన పట్టికలో సూచీ 101.5 దగ్గర ఆగకుండా, జీతాలు పెరిగి, ఆ ఖర్చు మళ్లీ ధరల్లో చేరి 102, 102.5 అంటూ ఎక్కడం. అప్పుడు పదిహేనో నెలలో సున్నా రాదు. ఏది జరుగుతోందో తేల్చాలంటే సుంకం తగలని సేవల ధరలు, జీతాల పెరుగుదల, జనం ఊహిస్తున్న ద్రవ్యోల్బణం చూడాలి. ఈ మూడింటి ఊసే లేకుండా ఎవరైనా "తాత్కాలికమే" అని తేల్చేస్తే ఆ వ్యాఖ్యను నమ్మడానికి ఆధారం లేదు. చివరికి ఆ ఏడాది సెప్టెంబర్ 17న ఫెడ్ రేటును పావు శాతం తగ్గించింది.

అభ్యాసం: మొదటి పట్టికలో ఏడో నెలలో రెండో విడత సుంకం పడి సూచీ ఒక్కసారిగా 102.5కి చేరిందనుకోండి. ద్రవ్యోల్బణం సున్నాకు వచ్చేది ఏ నెలలో? జవాబు 19 రావాలి. విడతలు పెరిగేకొద్దీ "ఒక్కసారి" అన్న వాదన ఎందుకు బలహీనపడుతుందో ఆ పట్టిక పక్కనే రెండు వాక్యాల్లో రాయండి.

5వ పాఠంలో అవతలి ఒడ్డు: 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఆంధ్ర రొయ్యల ధర ఎటు కదలాలి, రిజర్వ్ బ్యాంకు ముందున్న ప్రశ్న ఫెడ్ ప్రశ్నకు ఎందుకు భిన్నం.