చిన్న ఆఫీసుకు బ్యాకప్: తీయడం ఒక్కటే కాదు, వెనక్కి తెచ్చుకోవడం కూడా

ఐదు నుంచి ముప్పై కంప్యూటర్లున్న ఆఫీసుల్లో చాలాచోట్ల బ్యాకప్ అంటే ఒకటే ఏర్పాటు: సర్వర్‌కి ఎప్పుడూ తగిలించి ఉండే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, రాత్రిపూట అందులోకి దానంతటదే జరిగే కాపీ. సర్వర్‌లో డిస్క్ పోతే ఇది ఆదుకుంటుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే ఆదుకోదు. సర్వర్ నుంచి ఏయే డ్రైవ్‌లు అందుతాయో వాటన్నిటినీ అది ఎన్‌క్రిప్ట్ (కీ లేనిదే చదవలేకుండా) చేసేస్తుంది, బ్యాకప్ డిస్క్‌తో సహా. దొంగతనం జరిగినా, నిప్పంటుకున్నా అంతే. రెండూ ఒకే గదిలో ఉన్నాయి కదా.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది తర్వాతి మాట. ముందు రెండు ప్రశ్నలకు యజమాని నోటి నుంచే జవాబు రావాలి. ఎంత పని పోతే మళ్లీ చేసుకోగలం? ఎంతసేపు ఆఫీసు ఆగితే తట్టుకోగలం? "ఒక రోజు బిల్లులు మళ్లీ ఎక్కించుకుంటాం" అంటే రాత్రికి ఒక బ్యాకప్ చాలు. "గంట పని పోయినా కష్టమే" అంటే పగలు కూడా గంటకోసారి డేటాబేస్ బ్యాకప్ నడవాలి. "పొద్దున పోతే సాయంత్రానికల్లా మళ్లీ నడవాలి" అంటే ఉత్త ఫైళ్ల కాపీతో కుదరదు. విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగ్స్ అన్నీ కలిపి డిస్క్ ఇమేజ్ తీసి ఉంచాలి. లేకపోతే ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించి, లైసెన్స్ కీలు వెతికి పట్టుకునేసరికే రోజు గడిచిపోతుంది.

తర్వాత ఆఫీసంతా ఒకసారి తిరిగి, డేటా ఎక్కడెక్కడ ఉందో రాసుకోండి. అకౌంట్స్ డేటాబేస్, షేర్డ్ ఫోల్డర్ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే: ఒక్కొక్కరి డెస్క్‌టాప్ మీద పేరుకున్న ఎక్సెల్ ఫైళ్లు, పాత మెయిల్స్ దాచిన పీఎస్‌టీ ఫైల్, రౌటర్ సెట్టింగ్స్, వెబ్‌సైట్, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు.

ప్రతులు మూడు, నిల్వ రకాలు రెండు, ఒక ప్రతి ఆఫీసు బయట. ఇది పాత సూత్రమే, ఇప్పటికీ దీనికి మించింది లేదు. చిన్న ఆఫీసులో దీన్ని ఇలా అమర్చుకోవచ్చు. అసలు డేటా సర్వర్‌లో. రెండోది ప్రతి రాత్రీ న్యాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే నిల్వ పెట్టె)లోకి. మూడోది క్లౌడ్‌లోకి, లేదా వారం వారం మార్చే రెండు హార్డ్‌డిస్క్‌ల మీదికి. డిస్క్‌ల పద్ధతి అయితే వాటికి 'ఎ', 'బి' అని చీటీలు అంటించండి. ఒకటి ఆఫీసులో ఉన్నప్పుడు రెండోది కేబుల్ పీకేసి మరో చోట ఉండాలి. డేటా సైజుకు కనీసం రెట్టింపు పట్టే డిస్క్ తీసుకోండి. ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, పెద్ద బ్యాకప్ ఫైల్ అక్కడే ఆగిపోతుంది.

న్యాస్ మీద బ్యాకప్‌కి విడిగా ఒక యూజర్‌ని, దానికే ప్రత్యేకమైన పాస్‌వర్డ్‌ని పెట్టండి. రోజూ వాడే అడ్మిన్ అకౌంట్‌కి ఆ ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉండకూడదు. ఏ కంప్యూటర్‌లోనూ దాన్ని డ్రైవ్ లెటర్‌గా (Z: లాంటిది) కలపొద్దు. క్లౌడ్ అయితే, నిర్ణీత రోజులదాకా ఎవరూ చెరపలేకుండా ఉంచే సెట్టింగ్ ఉందేమో చూసి దాన్ని ఆన్ చేయండి.

క్లౌడ్‌కి వెళ్లేముందు లెక్క వేసుకోండి. 500 జీబీ డేటా 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఆగకుండా వెళ్లినా 55 గంటలపైనే పడుతుంది. అందుకే మొదటిసారి సెలవురోజుల ముందు మొదలుపెట్టాలి. తర్వాత మారిన భాగమే వెళ్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. వెనక్కి దింపుకునే లెక్కా వేయండి: అదే 500 జీబీ 100 ఎంబీపీఎస్ మీద దిగడానికి 11 గంటలు. యజమాని చెప్పిన గడువు దీనికన్నా తక్కువైతే, దగ్గరలోనే ఒక ప్రతి తప్పనిసరి.

ఎక్కువమంది దెబ్బతినేది డేటాబేస్ దగ్గరే. ప్రోగ్రామ్ నడుస్తుండగా దాని డేటా ఫైల్‌ని మామూలుగా కాపీ చేస్తే రెండు రకాలుగా చెడుతుంది. ఫైల్ లాక్ అయి ఉంటే కాపీ ప్రోగ్రామ్ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. లాక్ లేకపోతే కొంత పాతది, కొంత కొత్తది కలిసిన ఫైల్ వస్తుంది. చూడ్డానికి సైజు సరిగ్గానే ఉంటుంది, తెరుచుకోదు. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో ముందు ఒక బ్యాకప్ ఫైల్ తీయించి, దాన్ని కాపీ చేయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్) వాడుతుంటే అందులో షెడ్యూల్ చేసే ఏజెంట్ ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో బ్యాకప్ కమాండ్ నడిపించుకోవాలి.

వేళల మధ్య ఎడం ఉంచండి. రాత్రి 10 గంటలకు డేటాబేస్ బ్యాకప్, 11 గంటలకు న్యాస్ కాపీ, 1 గంటకు క్లౌడ్. ఒకదాని మీద ఒకటి పడితే ఇంకా రాయడం పూర్తికాని ఫైల్ న్యాస్‌లోకి వెళ్లిపోతుంది. డేటాబేస్ ఏటేటా పెరుగుతుంది కాబట్టి మొదట్లో 15 నిమిషాల్లో అయిన పని కొన్నాళ్లకు గంట దాటొచ్చు. అప్పుడప్పుడు చూసుకోండి.

ఎన్నాళ్లవి ఉంచాలి? రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12 ఉంచితే చాలా ఆఫీసులకు సరిపోతుంది. నిన్నటి ప్రతి ఒక్కటే ఉంచుకుంటే, రెండు నెలల క్రితం ఎవరో పొరపాటున చెరిపేసిన ఫోల్డర్ ఎప్పటికీ దొరకదు.

రెయిడ్ (డిస్క్‌లను జతగా నడిపే ఏర్పాటు) బ్యాకప్ కాదు. ఒక డిస్క్ పోయినా పని ఆగకుండా చూస్తుంది, అంతే. చెరిపిన ఫైల్ రెండు డిస్క్‌ల్లోనూ ఒకేసారి పోతుంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ సింక్ కూడా బ్యాకప్ కాదు. ఇక్కడ పాడైన ఫైల్ అక్కడికీ అలాగే చేరుతుంది. విండోస్‌లోని కాపీ కమాండ్ రోబోకాపీలో మిర్రర్ ఆప్షన్‌తో మరింత జాగ్రత్త: మూలం ఫోల్డర్ ఖాళీ అయితే గమ్యం ఫోల్డర్‌నీ ఖాళీ చేస్తుంది.

మూడు నెలలకోసారి బ్యాకప్‌ని నిజంగా వెనక్కి తెచ్చి చూడాలి. దీన్ని వాయిదా వేయొద్దని గట్టిగా చెబుతున్నాం. సర్వర్ మీద కాదు, పక్కన పెట్టిన వేరే కంప్యూటర్ మీద, డేటాబేస్‌కి వేరే పేరు ఇచ్చి. తెరుచుకుంది కదా అని ఊరుకోకండి. బ్యాకప్ తీసిన రోజు చివరి బిల్లు నంబర్ ఉందా? ఆ నెల అమ్మకాల మొత్తం అసలుదాంతో కలుస్తోందా? స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఓ పది తెరవండి. మొదలుపెట్టిన టైమ్, పూర్తయిన టైమ్ కాగితం మీద రాయండి. బ్యాకప్ ఫైల్‌ని సరిచూసే కమాండ్ 'సరే' అన్నంత మాత్రాన సరిపోదు. ఫైల్ చదవడానికి వస్తోందని అది చెబుతుంది, లోపలి లెక్కలు సరిగ్గా ఉన్నాయని కాదు.

బ్యాకప్ ఫెయిలైతే మెయిల్ రావడం అందరూ పెట్టుకుంటారు. సర్వర్ ఆగిపోతే ఆ మెయిల్ కూడా రాదు. అందుకే పూర్తయినప్పుడూ మెయిల్ పెట్టించి, అందులో ఫైల్ సైజు కనబడేలా చూడండి. నిన్న 6 జీబీ ఉన్నది ఈరోజు 40 ఎంబీ అయితే ఏదో తేడా జరిగినట్టే. పొద్దున్నే ఆ మెయిల్ చూసే పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. సెలవు పెడితే ఎవరు చూస్తారో అదీ చెప్పండి.

ఆఫీసు బయటికి వెళ్లే ప్రతిని ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఆ పాస్‌వర్డ్, బిట్‌లాకర్ (విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్) వాడితే దాని 48 అంకెల రికవరీ కీ, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. సర్వర్‌లోనే దాస్తే, సర్వర్ పోయిన రోజు ప్రతి చేతిలో ఉండీ తెరుచుకోదు.

రాన్సమ్‌వేర్ వచ్చిందని తెలిస్తే కంగారులో బ్యాకప్ డిస్క్ తెచ్చి సోకిన సర్వర్‌కి తగిలించొద్దు. మొదట నెట్‌వర్క్ కేబుళ్లు పీకి, వైఫై ఆపండి. శుభ్రంగా విండోస్ ఎక్కించిన వేరే కంప్యూటర్‌లో బ్యాకప్ బాగుందో లేదో చూసి, ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీతోనే పని చేయండి. అడ్మిన్, న్యాస్, క్లౌడ్, మెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ ఆ శుభ్రమైన కంప్యూటర్ నుంచే మార్చండి. రాన్సమ్‌వేర్ ఏ దారిన లోపలికి వచ్చిందో తెలుసుకుని మూసేదాకా సర్వర్‌ని మళ్లీ నెట్‌వర్క్‌కి కలపకండి.