నూనె ఇంకిన రేగడి మట్టిని సూక్ష్మజీవులతో శుద్ధి చేసుకునే విధానం

విజయవాడ ఆటోనగర్ వంటి చోట మరమ్మతు షెడ్ల ముందు డీజిలూ, వాడేసిన ఇంజిన్ ఆయిలూ ఇంకి నల్లబడిన మట్టిని రాత్రికి రాత్రే ఎత్తి కాలవ గట్టున పోస్తే, ఆ నూనె చివరికి మనం తాగే నీటిలోకే చేరుతుంది. దానిని షెడ్డు ఆవరణలోనే శుద్ధి చేసుకోవచ్చు. అయితే ముందుగా నూనె కారడం ఆపాలి. వాడేసిన ఆయిల్‌ను డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి.

సూడోమోనాస్, రోడోకాకస్, బాసిల్లస్ వంటి బాక్టీరియాలలో కొన్ని నూనెలోని హైడ్రోకార్బన్లను (కర్బనం, ఉదజని కలిసిన పదార్థాలను) ఆహారంగా తీసుకుని, బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుస్తాయి. ఏళ్ల తరబడి నూనె పడిన నేలలో ఇవి సాధారణంగా ముందే ఉంటాయి కనుక, బాక్టీరియా పొడి ప్యాకెట్ల కోసం వెతకడం కంటే ఉన్నవాటికి గాలి అందించడమే ముఖ్యమని నా అభిప్రాయం. కిలో నూనె పూర్తిగా విచ్ఛిన్నం కావాలంటే 3 కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల రేగడి మాత్రం తడిస్తే బంకగా మారి గాలిని చొరనివ్వదు.

మొదట మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. నూనె 5 శాతం మించితే సూక్ష్మజీవులు తట్టుకోవడం కష్టం. సీసం వంటి లోహాలను అవి ఎన్నటికీ నాశనం చేయలేవు కాబట్టి, లోహాలు ఎక్కువగా ఉన్న మట్టికి ఈ పద్ధతి చాలదు.

చుట్టూ గట్టు కట్టి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచి, దానిపై మట్టిని 30 సెంటీమీటర్లకు మించకుండా పోయాలి. గడ్డలు చితక్కొట్టి వరి ఊక గానీ తరిగిన గడ్డి గానీ కలిపితే మట్టి గుల్లబారుతుంది. సూక్ష్మజీవుల పోషణకు నూనెలోని కర్బనం, నత్రజని, భాస్వరం బరువులో 100:10:1 పాళ్లలో ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం 2 శాతం నూనె ఉన్న టన్ను మట్టికి సుమారు 3.7 కిలోల యూరియా, 2.4 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరపు ఎరువు) అవసరం. యూరియాను ఒకేసారి వేస్తే, క్షారగుణం గల రేగడిలో కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది. నాలుగైదు విడతలుగా వేయాలి.

పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి గానీ నీరు కారకూడదు. తేమ అంతే ఉండాలి. వారానికొకసారి పారతో తిరగవేయాలి. ఎండాకాలంలో సాయంత్రం నీరు చల్లాలి, వానాకాలంలో టార్పాలిన్ కప్పాలి.

డీజిల్ నెలల్లో తగ్గవచ్చు, ఇంజిన్ ఆయిల్‌కు మరింత కాలం పడుతుంది. తేలిక భాగం ఆవిరైపోయినా వాసన తగ్గుతుంది గనుక ముక్కును నమ్మకూడదు. ఏమీ కలపని అదే మట్టిని ఒక కుండీలో పక్కన ఉంచి, రెండింటి నమూనాలనూ నెలకొకసారి పరీక్షకు పంపాలి. రెండింటిలోనూ పెసలు నాటి మొలకలు పోల్చి చూడాలి. ఫలితం బాగున్నా, ఆ మట్టిలో కూరగాయలు మాత్రం పెంచకూడదు.