కంట్లో కొద్దిగా రక్తం చిమ్మాక కొత్తగా నల్ల చుక్కలు తేలుతుంటే ఏం చేయాలి?

తెల్ల గోడ వైపు చూస్తే దోమలాంటిది అటూ ఇటూ తిరుగుతుంది, చేత్తో తోలినా పోదు, ఎందుకంటే అది గదిలో లేదు, మీ కంట్లో ఉంది. టెన్షన్ పడకండి, కానీ "మొన్న వచ్చిన రక్తమేలే" అని కొత్త చుక్కల్ని పాత ఖాతాలో వేసేయకండి.

ముందు రక్తం ఎక్కడ వచ్చిందో తేల్చుకోండి. తెల్లగుడ్డు మీద ఎర్ర మచ్చ పడితే అది పైపొర కింద సన్న నాళం చిట్లడం, చూడ్డానికి భయంగా ఉన్నా రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది, దాని వల్ల ఈ తేలే చుక్కలు, అంటే ఫ్లోటర్లు, రావు. ఫ్లోటర్లు తెచ్చేది కంటి లోపల ఉండే విట్రియస్ అనే జెల్లీలోకి కారిన రక్తం. కంటికి దెబ్బ తగిలినప్పుడు రెండూ ఒకేసారి ఉండొచ్చు, జాగ్రత్త.

తర్వాత ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో గోడ చూడండి, ఆపైన కన్ను మార్చండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది, తేడా తెలీదు. కనిపించిందాన్ని కాగితం మీద గీసి తేదీ వేయండి: మూడు చుక్కలు, ఒక సాలెపోగు, అలా. ఇదే చోట, ఇదే వెలుతురులో రోజూ ఒకసారి చాలు, గంటగంటకీ చూసుకుంటే లేని చుక్కలు కూడా కనిపిస్తాయి!

చుక్కలు ఒక్కసారిగా మసి చల్లినట్టు పెరిగినా, చీకట్లో పక్కనుంచి మెరుపులు వచ్చినా, ఓ మూల నుంచి తెర దిగినట్టున్నా, చూపు తగ్గినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, నొప్పి లేదని ఆగకూడదు, కంటి లోపల వెనక ఉండే చూపు పొర, రెటీనా, చిరిగినా నొప్పి ఉండదు. వయసుతో జెల్లీ కుంచించుకుపోయి రెటీనాని లాగుతుంది, ఆ లాగుడుకే నాళం తెగి రక్తం రావొచ్చు, ఒక్కోసారి రెటీనా కూడా చిరుగుతుంది. చిరుగుగా ఉన్నప్పుడే దొరికితే లేజర్‌తో చుట్టూ అతికేస్తారు, వదిలేస్తే దాని కిందికి నీరు చేరి రెటీనా ఊడొచ్చు. ఈ లక్షణాలేవీ లేకపోయినా, కొత్త చుక్కలు వచ్చాయంటే ఆలస్యం చేయకుండా ఫోన్ చేసి చెప్పండి.

పరీక్షకి కంట్లో చుక్కల మందు వేస్తారు, కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది కాబట్టి బండి మీరు నడపకండి. "రెటీనా అంచుల దాకా చూశారా? చిరుగు ఉందా?" అని అడగండి. రక్తం అడ్డొచ్చి రెటీనా కనిపించకపోతే అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తారు.

ఇంట్లో తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి, రక్తం కిందికి దిగుతుంది. వెల్లకిలా పడుకుంటే పొద్దున మళ్లీ మసకేస్తుంది. బరువులు ఎత్తొద్దు, కన్ను నలపొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టర్‌ని అడగండి. షుగర్ ఉంటే అదే కారణం కావచ్చు, తప్పకుండా చెప్పండి.

మిగతాది ఓపిక: వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ రక్తాన్ని కరిగించే చుక్కల మందంటూ ఏదీ లేదు. ఎంతకీ తగ్గకపోతే రక్తం చేరిన ఆ జెల్లీని తీసేసే విట్రెక్టమీ అనే ఆపరేషన్ ఉంది. మళ్లీ చూపించుకునే రోజు ఆ కాగితం తీసుకెళ్లండి.