నాసిక్ వైన్‌కి మన వంటలతో జోడీ కుదర్చడం ఎలా?

గోదావరి పుట్టే త్ర్యంబకేశ్వర్‌కి దగ్గర్లోనే గంగాపూర్ డ్యామ్, దిండోరి, ఇగత్‌పురి వైపుల వైనరీలు ఉన్నాయి. పెద్దవాటి దగ్గర శని, ఆదివారాలు తిరునాళ్లే. అందుకే చిన్న వైనరీని ఎంచుకుని, ముందుగా ఫోన్ చేసి, మామూలు రోజు ఉదయం వెళ్లండి. 21 ఏళ్లు నిండి ఉండాలి. కారు నడిపేవారు తాగకూడదు.

జనవరి నుంచి మార్చి మధ్యలో వెళ్తే ద్రాక్ష కోత కళ్లారా చూడొచ్చు. ఇక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: కోతయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో కొమ్మల కోసం, వానలు వెనకపట్టాక కాయ కోసం. కాయ చలికాలపు రాత్రుల్లో పండుతుంది కాబట్టి అందులో పులుపు నిలుస్తుంది. మన భోజనానికి ఆ పులుపే కావాలి.

రుచి చూసేటప్పుడు

ఆ పూట సెంటు, జర్దా వద్దు. ముందు స్పార్క్లింగ్ (బుడగలొచ్చే వైన్), తర్వాత వైట్, రోజే (లేత గులాబీ రంగు వైన్), రెడ్, చివర్లో తీపి వైన్. ఒక్కోటి 30 నుంచి 50 మి.లీ. చాలు. గ్లాసు తిప్పి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ చెడగొట్టిందని అర్థం, మొహమాటపడకుండా వేరే సీసా అడగండి. తర్వాత గుక్కెడు నోట్లో పట్టి ఉంచండి. నాలుక పక్కల నీళ్లూరితే పులుపు. నేరేడుపండు తిన్నట్టు చిగుళ్లు పట్టేస్తే వగరు. ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, వాడుకోండి. లీటరుకు ఎన్ని గ్రాముల చక్కెర మిగిలింది, ఆల్కహాల్ ఎంత శాతం అన్నవి అడిగి రాసుకోండి.

ఇంట్లో వడ్డించేటప్పుడు

మాంసానికి రెడ్, చేపకు వైట్ అనే లెక్క మన దగ్గర పెద్దగా పనిచేయదు. ఇక్కడ తేల్చేది కారం. ఆల్కహాల్, వగరు రెండూ కారాన్ని ఎగదోస్తాయి. గుంటూరు మిరపకాయలు దట్టించిన మటన్ వేపుడు పక్కన 14 శాతం ఆల్కహాల్ ఉన్న కాబర్నే అనే రెడ్ పెడితే నోరు మంటెత్తిపోతుంది, వైనేమో చేదనిపిస్తుంది. దానికి కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ అనే వైట్‌ని బాగా చల్లగా ఇవ్వండి. కోడి వేపుడుకీ, రొయ్యల ఇగురుకీ అదే.

గోంగూర మాంసం, చేపల పులుసు సంగతి వేరు. కూరకన్నా వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. పులుపెక్కువ ఉండే వైట్, సోవిన్యోఁ బ్లాంక్ అయితే తట్టుకుంటుంది. పునుగులు, గారెల నూనె జిడ్డును స్పార్క్లింగ్ బుడగలు కోసేస్తాయి. బిర్యానీకి రోజే బాగుంటుంది గానీ మిర్చీ కా సాలన్ కాస్త తగ్గించి వడ్డించాలి. షిరాజ్ అనే రెడ్‌లో సహజంగానే మిరియాల వాసన ఉంటుంది, అందుకని మిరియాలు వేసిన మటన్‌కో, కబాబ్‌కో దాన్ని ఉంచండి. మాంసంలోని కొవ్వు వగరును మెత్తబరుస్తుంది. ఆవకాయ అన్నానికి మాత్రం ఏ వైనూ వద్దు.

తీపి వంటకంకన్నా వైన్ తియ్యగా ఉండాలి. లేట్ హార్వెస్ట్ షెనిన్ (ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసిన తీపి వైన్) బొబ్బట్టు పక్కన నిలుస్తుంది. గులాబ్‌జామ్ ముందు నిలవడం కష్టం.

చల్లదనం, నిల్వ

రెడ్‌ని గది వేడిలో ఇవ్వాలన్న మాట చలిదేశాలది. మన మే నెలలో అలా ఇస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. గంట పైనే ఫ్రిజ్‌లో పెట్టి 16–18 డిగ్రీల దగ్గర పోయండి. వైట్ 8–10 డిగ్రీలు ఉండాలి, అంటే మూడు గంటలు ఫ్రిజ్‌లో. తొందరైతే బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడదాకా ముంచండి, 20 నిమిషాల్లో సరిపోతుంది. ఉత్త ఐసుముక్కల్లో పెడితే ఆలస్యం, ఎందుకంటే సీసాకు చల్లదనం తగిలేది నీళ్ల ద్వారానే.

ఎండలో ఆపిన కారు డిక్కీలో సీసాలు ఉంచొద్దు. వేడికి కార్క్ పైకి తన్నుకొస్తుంది, వైన్‌కి ఉడికిన జామ్ వాసన పడుతుంది. రాష్ట్రం దాటించే ముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కుని, బిల్లు దగ్గర పెట్టుకోండి.

750 మి.లీ. సీసా ఐదు గ్లాసులొస్తుంది. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెడ్ అయినా సరే. మూడు రోజులు ఆగుతుంది. వారం గడిచాక అది మటన్ నానబెట్టడానికే.